నీలం గైరుహాజరు

నా కుర్రతనం రోజుల్లో, అంటే నాకు అరవై రెండేళ్ళప్పుడు, ప్రపంచం మీద నాకు బోలెడంత నమ్మకం ఉండేది. నవ్వకండి. అంతకు ముందంతా ఒక ఆఫీసులో కుర్చీకి అతుక్కుని ముసలివాడిగానే బతికాను. రిటైరైన మర్నాడే మొదటిసారి వయసులో ఉన్నట్టు అనిపించింది. ఆ ఊపులో యాప్రాల్‌లోని మా ఇంటి ముందు గదికి షట్టరు పెట్టించి, కప్పుల మీద ఫొటోలు అచ్చువేసే కర్మాగారం ఒకటి స్థాపించాను. (కర్మాగారం అంటే ఒక ప్రింటరు, కప్పుకు వేడి పెట్టే ఒక చిన్న యంత్రం, రెండు స్టూళ్ళు. రెండో స్టూలు మేజర్‌ది.)

మేజర్ నా స్నేహితుడు. సైనిక్‌పురిలో ఉండేవాడు. సరిహద్దులో ఫిరంగుల మధ్య తిరిగిన మనిషని మా గల్లీ అంతా చెప్పుకొచ్చాను. నిజానికి ఆయన హవల్దారుగా రిటైరయ్యాడు, సర్వీసంతా సామాన్ల స్టోరులో గడిపాడు, జీవితంలో ఎదుర్కొన్న శత్రువులు ఎలుకలూ చెమ్మా. నేను ఆయన్ని మేజర్‌ని చేసినందుకు బదులుగా ఆయన నన్ను "మేనేజర్ సాబ్" అనేవాడు. నేను గుమాస్తానని ఆయనకు తెలుసు. మిలిటరీ క్యాంటీన్లో తన కోటాకు వచ్చే రమ్ము సీసాను నెలనెలా సంచిలో పెట్టుకొచ్చి నా చేతిలో పెట్టేవాడు. తను ముట్టేవాడు కాదు. "వాసనకే నా తల తిర్గుతది, నువ్వే కానియ్" అనేవాడు. నేనే కానిచ్చేవాణ్ణి.

ఆ ప్రింటరునూ రంగునూ ఎంచడానికి ఆరు నెలలు పరిశోధన చేశానని బంధువులందరికీ చెప్పాను. చేసిందల్లా రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణానికి వెళ్ళి "తక్కువలో ఏముంది?" అని అడగడం. దుకాణదారు ఓపికగా, "సాబ్, ఇది మామూలు ఇంకు కాదు. కాగితం మీద వెలిసిపోయినట్టు కొడ్తది. గరం తగిల్తెనే కప్పులకు దిగి మెరుస్తది" అని చెప్పి రెండు రకాల సీసాలు ముందు పెట్టాడు. ఒకటి సీలు వేసింది, రెండోది పేరూ ఊరూ లేనిది. నా చెయ్యి సహజంగానే రెండోదాని మీదికి వెళ్ళింది. మేజర్ ఆ చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఏం మేనేజర్ సాబ్, పేరు లేని సీసల ఏమున్నదో ఎవనికెర్క? స్టోర్ల గిట్ల సామాన్ తీస్కుంటె నన్ను ఎండల నిలవెడ్తుండె." సీలు సీసాలే తీయించాడు. ప్రింటరు కూడా తనే ఎంచాడు. లోపల రంగు ఎంత ఉందో బయటికి కనబడేదే కావాలన్నాడు. "పని లేని రోజు ఏమైతది దీనికి?" అని అడిగాడు.

"ఇంకు ఎండి మూతి కాడ గడ్డ కడ్తది సాబ్. ఆర్డర్ ఉన్నా లేకున్నా రోజొక్క కాగితం కొట్టాలె."

"ప్రింటర్ గట్టిదేనా మరి?" అన్నాను నేను, యజమానిని కాబట్టి.

"ప్రింటర్ గట్టిదే సాబ్. మీరు గట్టిగుండాలె."

ఆ మాట మేజర్‌కు మనసున పడింది. స్టోరులో వాడని సామాను కూడా రోజూ తిప్పి చూసుకునే అలవాటు ఆయనది. తెల్లవారగానే వచ్చి, ఫ్లాస్కులోంచి ఇద్దరికీ చాయ్ పోసి, ప్రింటరు మీట నొక్కి, నాలుగు రంగుల గీతలతో బయటికొచ్చే పరీక్ష కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని హాజరు పిలిచేవాడు. "నలుపు?" నేను "హాజర్" అనాలి. "గులాబీ?" "హాజర్." "పసుపు?" "హాజర్." "నీలం?" "హాజర్, మేజర్ సాబ్!" ఆ తరువాతే చాయ్ తాగడం. లోపలి నుంచి మా ఆవిడ, విజయనగరం పిల్ల, "ఏటిది, కప్పు కొనీవోడు ఒక్కడూ లేడు గానీ, హాజరు మాత్రం రోజూ తీస్తన్నారు" అనేది. వ్యాపారం బ్రహ్మాండంగా సాగేదని రాద్దామనుకున్నాను. మా ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి మానుకుంటున్నాను.

ఒక వేసవిలో రెండో స్టూలు ఖాళీ అయింది. మేజర్ నిద్రలోనే పోయాడు. ఎవరికీ ఏ తక్లీఫూ ఇవ్వకుండా పోయాడని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది, కనీసం నాకైనా కొంచెం తక్లీఫ్ ఇచ్చి పోవలసిందని. షట్టరు ఎందుకు తీయడం లేదని అడిగినవాళ్ళకు, ఎండలు కదా, యంత్రం వేడెక్కుతుందని చెప్పాను. అదేమీ కాదు. తాళంచెవి పట్టుకుని షట్టరు దాకా వెళ్ళి, లోపల "నలుపు?" అని పిలిచేవాడు లేడని గుర్తొచ్చి, తిరిగొచ్చేసేవాణ్ణి.

దినాలు దగ్గరపడ్డాక ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నన్ను అన్నా అంటుంది. గుమ్మంలోనే నిలబడి, "అందరు దినాల నాడు పేరు కొట్టిచ్చి స్టీలు డబ్బలిస్తరు. నాకు డబ్బలొద్దన్నా. కప్పుల మీద ఆయన ఫొటో ఏసియ్యి. ఈ గల్లీల ఆయన చాయ్ పొయ్యనోళ్ళు ఎవరున్నరు? ఆయన మొఖం జూస్కుంట తాగనీ అందర్ని" అంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫొటో నా చేతికిచ్చింది. ఆకుపచ్చ స్వెట్టరు, చక్కగా దువ్విన తల, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న ముఖం.

ఎంత పెద్ద పనైనా చిటికెలో చేసేస్తానన్నాను. షట్టరు తీశాను. పరీక్ష కాగితం తీయలేదు. మరిచిపోలేదు, తీయలేకపోయాను. ఒక్కణ్ణే హాజరు పిలిచి ఒక్కణ్ణే పలకడం ఏం బాగుంటుంది? నేరుగా ఫొటో కొట్టాను. కాగితం మీద వెలిసినట్టుగా వచ్చింది. దాని గుణమే అంత కదా అనుకుని, కప్పుకు చుట్టి యంత్రంలో పెట్టాను. బయటికి తీసి కాగితం విప్పేసరికి మేజర్ ఎర్రగా ఉన్నాడు. బుగ్గలు ఎరుపు, ముక్కు మరీ ఎరుపు, స్వెట్టరు పసుపు. నీలం ఒక్క చుక్క దిగలేదు. అన్ని రోజులు మూతపడ్డ గదిలో అది ఎండి గడ్డకట్టింది.

ఎన్నిసార్లు శుభ్రం చేశానో, ఎంత ఇంకు పారబోశానో చెప్పను. దుకాణదారుకు ఫోన్ చేస్తే, "మూతి మార్చాలె సాబ్. సామాన్ రానీకి వారమైతది" అన్నాడు. దినాలు ఎల్లుండి. తల పట్టుకుని కూర్చున్న సమయానికి ఆమె వచ్చింది.

"ఇది కొత్త పద్ధతి చెల్లెమ్మా," అన్నాను. "పొద్దున ఎండ ముఖం మీద పడినట్టు..."

ఆమె కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోజు కాగితం తియ్యలే?"

"తియ్యలేదమ్మా. నా చేత కాలేదు."

"నేను సుత ఆయన చెప్పులు గుమ్మం కాడికెల్లి తియ్యలే" అంది. మళ్ళీ కప్పు వంక చూసింది. "ఇన్నేండ్లు రమ్ము సీసలు తెచ్చి నీకిచ్చిండు. ఒక్క చుక్క ముట్టలే. ఇప్పుడు జూడు, రెండు పెగ్గులేస్కొని వచ్చినట్టున్నడు!"

నవ్వింది. ఆయన పోయాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు సగంలో విరిగి, కొంగు కళ్ళకు అద్దుకుంది. బజారులో ఇంకో దుకాణంలో వేయించుకొస్తానన్నాను. "మీ మిషన్ల కొట్టనిది నాకెందుకన్నా" అని, కప్పును కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. దినాల నాడు అందరికీ స్టీలు డబ్బాలే ఇచ్చింది. డబ్బా మీద పేరుకు ముందు హవల్దార్ అని చూసి గల్లీవాళ్ళు నన్ను అదోలా చూశారు. నేను ఆకులో పప్పు వంక చూశాను.

ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే నాకు చాయ్ ఆ కప్పులోనే పోస్తుంది. "జల్ది తాగు, సల్లగైతే ఆయన ఊకోడు" అంటుంది. ప్రింటరుకు ఎప్పుడో కొత్త మూతి వేయించాను. ఆర్డర్లు విపరీతంగా ఉన్నాయి. (లేవు.) అయినా రోజూ తెల్లవారగానే ఒక కాగితం తీసి, ఖాళీ స్టూలు వైపు తిరిగి, నాలుగు రంగులూ నేనే పిలిచి నేనే పలుకుతాను. నీలం గీత తెగకుండా వచ్చిన రోజున నిటారుగా నిలబడి, సెల్యూట్ కొట్టి, "హాజర్, మేజర్ సాబ్!" అంటాను.

నిలబడటం అబద్ధం. మోకాళ్ళు సహకరించవు. కూర్చునే అంటాను.