రెండో చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కిర్రుమన్న ప్రతిదానికీ మందు ఒకటే, వేరుశనగ నూనె. తలుపు బందులకు అదే, కుట్టుమిషనుకు అదే, బావి గిలకకు అదే. వాన మొహం చాటేసిన ఏడు కూడా మా అవ్వ అటక మీద ఒక డబ్బా నూనె మాత్రం దాచి ఉంచేది. బత్తలపల్లె చుట్టుపక్కల చేలలో ఎక్కువగా పండేది ఆ పంటే మరి.

మా నాయన దగ్గర ఒక పాత పికప్ బండి ఉండేది. బ్రేకు తొక్కినప్పుడల్లా దాని ముందు చక్రాలు కీచుమనేవి. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఒక మధ్యాహ్నం నాయన నిద్రపోతుండగా కుట్టుమిషనుకు వాడే ఆ వేరుశనగ నూనె బుడ్డి పట్టుకుని బండి కిందికి దూరాను. చక్రం లోపల తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా బిగించి ఆపే పట్టు ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్యాలిపర్ అంటారు. అది రెండు పిన్నుల మీద కాస్త ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ పిన్నుల మీది రబ్బరు తొడుగును గోటితో లాగి, సందులో నూనె పోశాను. రెండో పక్కకు పోయి అక్కడా పోశాను. మరునాటికి చప్పుడు ఆగింది. దానంతట అదే పోయిందని నాయన మురిసిపోయాడు. చెబితే మెచ్చుకుంటాడో, తిడతాడో తెలియక నేను ఊరకున్నాను.

నెల గడిచింది. బడి లేని ఒక రోజు ఉదయం టమాటా బాక్సులు ఎత్తుకుని అనంతపురం మండీకి బయలుదేరాం. అవ్వ కళ్లు చూపించుకోవాలని మాతో వచ్చింది. సగం దారిలో బండి ఎడమ వైపుకు లాగడం మొదలుపెట్టింది. నాయన రెండు చేతులతో స్టీరింగును బిగించి పట్టుకున్నాడు. అంతలో మాడు వాసన.

"ఎవురింట్లోనో పోపు మాడతాండాది" అంది అవ్వ.

రోడ్డుకు రెండు పక్కలా ఎండిన చేలు తప్ప ఒక్క ఇల్లు లేదు. ఆ వాసన ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. నాలుక పిడచకట్టుకుపోయింది. చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని కిటికీ వైపు తిరిగాను.

రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనబడగానే నాయన బండి ఆపాడు. అక్కడి నుంచి రోడ్డు ఒక్కసారిగా దిగి వంక మీది వంతెనలో కలుస్తుంది. ఎడమ చక్రం నుంచి సన్నగా పొగ లేస్తోంది. నాయన నీళ్ల క్యాను తీసుకుని పరిగెత్తాడు.

"ఓయ్, ఆపప్పా!" అని షెడ్డులోంచి కేక వినబడింది. "కాలిన పెనం మీద నీళ్లు పోస్తారా యాడన్నా? పళ్లెం పగిలిపోతాది!"

ఆయన ఆ షెడ్డు మెకానిక్కు, బక్కపలచని ముసలాయన. నేను ఆయన్ని తాతా అనే పిలిచాను. చేతి వెనుక భాగాన్ని చక్రానికి దగ్గరగా, తాకకుండా పెట్టి వేడి చూశాడు. చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత చక్రం విప్పి, పిన్నును సుత్తితో మెల్లగా తట్టి తట్టి బయటికి లాగాడు. దాని మీద బెల్లం పాకం లాంటి నల్లటి జిగురు గట్టిపడి ఉంది. గోకి వాసన చూశాడు.

"ఏమప్పా, దీంట్లో తాళింపు పెట్టింది ఎవురు?"

"ఏం మాటలు మామా అవి, మండీకి టైమయితాంటే" అన్నాడు నాయన.

తాత నవ్వలేదు. వంటనూనె వేడికి జిగురైపోతుందని, ఇక బ్రేకు పట్టిన పట్టు వదలదని పని చేస్తూనే చెప్పాడు. చెబుతూ ఒకసారి నావైపు చూశాడు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

జిగురంతా కిరోసిన్‌తో కడిగి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీసు రాసి చక్రం బిగించేసరికి చాలా సేపయింది. నాయన రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాత చేతులు తుడుచుకుంటూ, నాకు వినబడేలా అన్నాడు.

"పట్టింది ఈ పక్కే. ఆ పక్క చక్రం ఇప్పేది లేదులే. బయలుదేరప్పా. దిగుడులో కొంచెం చూసుకోని పో."

నాయన వెంటనే బండెక్కాడు. అవ్వ అప్పటికే లోపల కూర్చుని ఉంది. నాకు కింద ఉన్న వంతెన, ఎండిన వంకలోని బండరాళ్లు కనబడుతున్నాయి. కాళ్లు వణికాయి. నాయన తాళంచెవి తిప్పాడు. ఇంజను మోగింది.

"నాయనా, దిగు! ఆ పక్క కూడా నేనే పోసినా!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నాయన దిగివచ్చి, అంతా విని చెయ్యెత్తాడు. తాత ఆ చేతిని పట్టుకున్నాడు.

"కొట్టబాకప్పా. ఇప్పుడు కొడితే పాప ఇంగోసారి చెప్పదు."

నాయన చెయ్యి దించాడు. కాసేపటికి రోడ్డు పక్కన రాయి మీద కూలబడి తల పట్టుకున్నాడు. దెబ్బ తిన్నా నాకు అంత భయం వేసేది కాదేమో.

తాత నన్ను రెండో పక్కకు తీసుకుపోయాడు. ఆ చక్రం నట్లు అప్పటికే వదులు చేసి ఉన్నాయి. నా వేళ్లతో తిప్పితేనే తిరిగాయి. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన ఏమీ ఎరగనట్టు జాకీ వెతుక్కుంటున్నాడు. లోపల నూనె, పళ్లేన్ని నొక్కి పట్టే బ్రేకు బిళ్లల దాకా కారి నున్నగా మెరుస్తోంది. ఒక పక్క పట్టి, ఒక పక్క జారితే దిగుడులో బండి అడ్డం తిరిగేదని చెప్పి, ఆ బిళ్లలను మార్చాడు. మేము మండీ చేరేసరికి వేలం అయిపోయింది. టమాటాలు వచ్చిన ధరకు ఇచ్చేశాం.

ఇప్పుడు నేనే బండి నడుపుతాను. దూరప్రయాణంలో ఎక్కడ ఆగినా చేతి వెనుక భాగంతో రెండు ముందు చక్రాల వేడీ చూస్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. నేను చేసిన తప్పు మరొకరికి తగలబోతోందని తెలిసినప్పుడు ఇప్పటికీ నాలుక పిడచకట్టుకుపోతుంది. కాళ్లు అలాగే వణుకుతాయి. ఆ భయం పోయేదాకా ఆగితే ఎప్పటికీ చెప్పలేను. అందుకే వణుకుతూనే చెప్పేస్తాను, బండి కదలకముందే.