ఆగయ్య వ్రాయని ప్రమాద నివేదిక

1974 జూన్ 17, సోమవారం, సాయంత్రం ఆరుంబావు. పగలంతా ఉక్కపోసి, అప్పుడే సన్నని తుంపర మొదలయింది. కార్వాన్ బస్తీలో, బడిలో ఆంగ్లం చెప్పే నా ఇంటి వాకిట సిటీ బస్సు కండక్టరు ఆగయ్య ఖాకీ దుస్తులతోనే వచ్చి నిలుచున్నాడు. వెంట భార్య కాశమ్మ.

పదకొండేండ్లు బస్సులో నిలిచి నిలిచి ఆయన కాలి నరాలు ఉబ్బిపోయాయి. ఏడాదికి మించి నిలబడే పని కూడదని వైద్యుడు చెప్పాడు. కూర్చుండి బస్సుల వేళలు చూసే కంట్రోలరు పని దొరకవలెనంటే డిపోవారి ఆంగ్ల పరీక్షలో నెగ్గాలి. అందులో ముఖ్యమైన ప్రశ్న, బస్సు ప్రమాదంపై నివేదిక వ్రాయడం.

"తాగినోళ్లతోటి లొల్లి పెట్టుకున్న సార్, జేబుదొంగలను పట్టుకున్న. ఎన్నడు భయపడలే. గీ ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చెమటలు పడుతున్నయి."

"బస్సుల అందర్నీ దబాయిస్తడు," అన్నది కాశమ్మ. "ఇంట్ల గీ పుస్తకం ముంగట పిల్లి లెక్క కూసుంటడు."

ఏడు వారాలు పలక మీద అభ్యాసం చేయించాను. మొదట్లో గట్టిగా ఒత్తి బలపాలు విరుగగొట్టేవాడు. జూలై చివరికి పది వాక్యాల నివేదికను తప్పులేకుండా వ్రాయగలిగాడు.

ఆగస్టు 4, ఆదివారం, పరీక్ష. డిపో ద్వారం వద్ద నేనూ కాశమ్మా రెండు గంటలు వేచియున్నాము. చెమటతో తడిసి ముద్దయిన చొక్కాతో ఆగయ్య బయటికి వచ్చాడు.

"ఏమి అడిగారు?" అన్నాను.

"నీ బస్సు తోపుడుబండిని గుద్దింది, రిపోర్టు రాయి అన్నరు."

"మనము వ్రాసినదే కదా."

"మనం రాసింది పలక మీద సార్. గిది డిపో కాయితం. పైన నా పేరు, నా నంబరు, కింద దస్కతు. మా దగ్గర రిపోర్టు మీద దస్కతు పెడితే జవాబు చెప్పుమని మేమో వస్తది, ఎంక్వయిరీ అయితది. కానిదాన్ని నా చేత్తోని ఎట్ల రాసుకుంట?"

"మరి ఏమి వ్రాశావు?"

"నా బస్సు ఎవ్వర్ని గుద్దలేదు, పదకొండేండ్లల ఒక్క యాక్సిడెంటు లేదు అని రాసిన."

"ఉత్త పరీక్ష కోసమని తెల్వదా?" అన్నది కాశమ్మ, మెల్లగా.

"తెలుసు. గని రాయనీకి చెయ్యి పోలే."

ఆయన వ్రాసిన వాక్యాలను ఒక్కొక్కటే చెప్పించుకున్నాను. ఆంగ్లంలో దోషమేమీ లేదు.

ఉత్తీర్ణుల పట్టికలో ఆగయ్య పేరు రాలేదు. మరల పరీక్షకు వెళ్లలేదు. 1975 మార్చిలో కండక్టరు పనికి అనర్హుడని వైద్యులు తేల్చగా, తక్కువ జీతంపై డిపో కావలివానిగా మార్చారు. 1983లో ఉద్యోగ విరమణ చేశాడు.