ఉప్పునీళ్ళ పరీక్ష

కుళాయిలకు మెరుగు పెట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ తొట్టక్క అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్ళుగా రసాయనపు తొట్ల దగ్గర నిలబడి, కుళాయిలను తీగలకు వేలాడదీసి, కరెంటు పెట్టి, తళతళలాడించి తీయడమే ఆమె పని. నీళ్ళ రంగు చూసి తొట్టికేం రోగమో చెప్పేస్తుంది. అయినా సరే, ఆ గదికి మేస్త్రి కావాలంటే పదో తరగతి పాసై ఉండాలట! ముసలి మేస్త్రి ఏడాది చివర మానేస్తున్నాడు. అప్పటికి ఆమె పాసు కాకపోతే, తొట్టి మొహమైనా చూడని వాడెవడో కాగితం పట్టుకొచ్చి ఆమెకే పని చెబుతాడు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మేస్త్రి పని కోసమే రెండేళ్ళ కిందట సాయంత్రం బడిలో చేరింది. అన్నీ గట్టెక్కాయి గానీ సైన్సు రెండుసార్లు పోయింది. "పోనీ వదిలెయ్యరాదూ?" అన్నాడు మొగుడు, మిషను మీద లాగు కుడుతూ. "నీ కత్తెర సంగతి నువ్వు చూసుకో" అంది.

రెండోసారి ఎలా పోయిందంటే, ఐసోటోపుల మధ్య తేడా ఏమిటని అడిగారు. "బరువైనది తొట్టి అడుక్కి దిగుతుంది, తేలికైనది పైన ఉంటుంది" అని ధీమాగా రాసి వచ్చింది. పంతొమ్మిదేళ్ళు తొట్టి అడుగు మడ్డి తోడిన చెయ్యి, ఇంకేం రాస్తుంది పాపం! గుండ్రంగా సున్నా పడింది.

మూడోసారి వచ్చిన టీచరు ఆమె కూతురి ఈడుది. "ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు ప్లస్ అయాను అవుతుంది" అని చెప్పగానే క్లాసంతా గోల. పోగొట్టుకుంటే మైనస్ కదా అని ఒకటే వాదన.

తొట్టక్క లేచింది. "కాదు టీచర్. మా తొట్టిలో ప్లస్ కడ్డీకి కట్టిన రాగి పలకే రోజురోజుకీ అరిగిపోతుంది. పోగొట్టుకునేది ఆ పక్కే."

"అక్కా, అదే!" అంది టీచరు ఎగిరి గంతేసినంత పని చేసి. "రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి అయానై నీళ్ళలోకి దిగుతుంది. మైనస్ దగ్గర రెండు తీసుకుని మళ్ళీ రాగై కూర్చుంటుంది."

"మరి ఐసోటోపులు?"

"రెండు రకాల రాగిలోనూ ప్రోటాన్లు ఇరవైతొమ్మిదే. న్యూట్రాన్లే ఒకదాంట్లో ముప్ఫైనాలుగు, ఇంకోదాంట్లో ముప్ఫైఆరు. బరువే తేడా, గుణం ఒకటే. ఏదీ అడుక్కి దిగదు. నువ్వు తోడేది మట్టీ మశానమూ అక్కా!"

ఇన్నేళ్ళూ తాను కాపు కాసింది అయాన్లనని తెలిసి ఆ రోజు తొట్టక్కకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు ఎక్కడినుంచో పరీక్షాధికారి వచ్చాడు. ఆరు బల్లలు. ఒక్కో బల్ల మీద రాగి లవణమైన మైలుతుత్తం కలిపిన గిన్నెడు నీళ్ళు, రాగి పలక, స్టీలు చెంచా, ఎర్ర వైరూ నల్ల వైరూ ఉన్న కరెంటు పెట్టె. చెంచాకు రాగి పూత రావాలి. మిగతా ఐదుగురూ నలుపంటే మైనస్ కదా అని చెంచాను నల్ల వైరుకు తగిలించి స్విచ్చి నొక్కేశారు. తొట్టక్క మాత్రం ఉప్పు అడిగింది.

"ఉప్పెందుకమ్మా? ఇదేమన్నా వంట పరీక్షా?" అన్నాడు అధికారి. అందరూ నవ్వారు.

"వైరు రంగు నమ్మి సరుకు ముంచకూడదంటాడు సార్ మా మేస్త్రి."

అలమరలోంచి ఉప్పు సీసా తెచ్చి ఇచ్చారు. ఉప్పునీళ్ళలో రెండు వైర్ల కొసలూ ముంచింది. బుడగలు ఎక్కడ ఎక్కువగా వస్తే అది మైనస్. ఎర్ర వైరు దగ్గర బుసబుసమని పొంగాయి! మార్కులు వేసేవాడి ఎదుట ఆయన పెట్టె తప్పంటే ఏమవుతుందో? మళ్ళీ ముంచి చూసింది. అవే బుడగలు. ఇక ఆలోచించకుండా చెంచాను ఎర్ర వైరుకే తగిలించింది.

అధికారి చూడనే చూశాడు. "తప్పు!" అంటూ పెన్ను తీశాడు.

"కొట్టెయ్యకండి సార్. అయిదు నిమిషాలాగి చెంచా చూడండి."

అయిదు నిమిషాలు ఆమెకు అయిదేళ్ళయ్యాయి. తీసి చూస్తే చెంచా నున్నగా, ఎర్రగా! పక్క బల్లల మీద ఐదు చెంచాలూ తెల్లమొహం వేసుకునే ఉన్నాయి. అధికారి ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని ఐదు పెట్టెలూ తానే చూసుకున్నాడు. ఆరింటికీ వైర్లు తిరగేసే బిగించారు. ఎవరికీ నష్టం రాకుండా అందరికీ ఇంకో అరగంట ఇచ్చాడు. ఆ ఐదుగురూ తొట్టక్కకు దణ్ణం పెట్టినంత పని చేశారు.

చివర్లో ఆయన అడిగాడు. "రాగికి రెండు ఐసోటోపులు కదా, బరువైనది ఈ గిన్నె అడుక్కి దిగుతుందా?"

తొట్టక్కకు నవ్వాగలేదు. "దిగదు సార్. రెండూ కలిసే చెంచా ఎక్కుతాయి. పోయినసారి దిగుతుందని రాసి సున్నా తెచ్చుకున్నాను!"

ఆయన కూడా పకపకా నవ్వి మార్కులు వేశాడు.

ఏడాది చివర్న ముసలి మేస్త్రి తన కుర్చీ తానే తుడిచి ఆమెకు అప్పజెప్పాడు. ఆ మర్నాడే తొట్ల గదికి కొత్త కరెంటు పెట్టె వచ్చింది. బిగించిన ఫిట్టరు చేతులు దులుపుకుంటూ, "ఎరుపు ప్లస్, నలుపు మైనస్. అంతా సరిగ్గా చూశాను మేస్త్రిగారూ" అన్నాడు.

మేస్త్రిగారూ అన్న మాట చెవిన పడగానే ఆమె మొహం చేటంతయింది.

"చాలా సంతోషం నాయనా" అంది. "ఆ ఉప్పు డబ్బా ఇలా అందుకో."