సోమందేపల్లె ఇంటికి మూడు విలువలు

2008 ఏప్రిల్ నాటికి నేను అనంతపురంలో వాల్యుయర్‌గా పని మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. వాల్యుయర్ అంటే ఆస్తుల విలువ కట్టే ఇంజనీరు. ఎవరైనా ఇల్లు తాకట్టు పెట్టి అప్పు అడిగినప్పుడు ఆ ఇల్లు నిజంగా ఎంత చేస్తుందో బ్యాంకులు మమ్మల్ని అడుగుతాయి. మేము వెళ్ళి, కొలిచి, దస్తావేజులు చూసి, చుట్టుపక్కల జరిగిన అమ్మకాలు విచారించి ఒక అంకె వేసి సంతకం పెడతాం. ఆ అంకె తప్పని తేలితే జవాబు చెప్పుకోవలసింది మేమే. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసిన తరువాత సివిల్ ఇంజనీరింగ్ వైపు వచ్చాను. ప్రయోగశాలలో అబ్బిన ఒక అలవాటు మాత్రం నన్ను వదల్లేదు: ఏ అంకె అయినా ఎలా వచ్చిందో తెలిసేదాకా దాన్ని నమ్మను.

ఆ నెలలో ఒక సోమవారం సోమందేపల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు నా ఆఫీసుకు వచ్చారు. పెద్దవాడు ఓబులేసుకు తండ్రి ఇంటి ముందు గదిలోనే వెల్డింగ్ షాపు ఉంది. చిన్నవాడు మారుతి ఆరేళ్ళుగా బెంగుళూరులో కారు డ్రైవరు. తండ్రి పోయి ఏడాది దాటింది. ఇల్లు ఇద్దరికీ సమానం కాబట్టి, అన్న దాన్ని ఉంచుకోదలిస్తే తమ్ముడికి సగం విలువ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే అమ్మి పంచుకోవాలి. అమ్మితే ఓబులేసుకు ఇల్లూ షాపూ ఒకేసారి పోతాయి.

మారుతి ఒక కాగితం నా ముందు పెట్టాడు. "సూడండి మేడమ్. ఇంటర్నెట్టులో మా ఇంటికి రేటు కట్టినారు."

"ఎవరు కట్టారు?"

"ఎవరో మనిషి కాదు మేడమ్, కంప్యూటరే కట్టింది."

"కంప్యూటరు మన ఇంటికి ఎప్పుడొచ్చిండెరా?" అన్నాడు ఓబులేసు. "చెప్పింటే కాఫీ అన్నా ఇచ్చి పంపిస్తాంటిమి కదప్పా."

ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు వేసే ఒక వెబ్‌సైటు నుంచి తీసిన ప్రింటు అది. అందులో ఇంటి విలువ అంచనా వేసే ఒక పేజీ ఉందట. పిన్ కోడు, స్థలం కొలత, కట్టడం కొలత, ఇంటి వయసు, నీటి వసతి అడిగి వెంటనే ఒక మొత్తం చెప్పింది. అడుగున పెద్ద అక్షరాలతో రూ. 31,42,617 అని ఉంది.

"అంటే వీనికి నేను పదహైదు లచ్చల పైన ఇయ్యాల. నేను వెల్డింగ్ చేసేది ఇనుము మేడమ్, బంగారం కాదు," అన్నాడు ఓబులేసు.

"నేనేమన్నా నోటికొచ్చింది చెప్తాండానా? అచ్చేసిన కాగితం తెచ్చినా కదన్నా!"

బ్యాంకు ఇంజనీరు ఎంతంటే అంతకు ఇద్దరూ ఒప్పుకోవాలని ఊళ్ళో పెద్దమనుషులు చెప్పి పంపారు. ఆ మాటకు కట్టుబడతామని ఇద్దరూ నా ముందు కూడా అన్నారు.

నన్ను మొదట ఆపింది ఆ అంకె చివర ఉన్న పదిహేడు రూపాయలు. మేము ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా ఇంటి విలువలో లక్ష అటో ఇటో తేడా ఉండక తప్పదు. గజం బద్దతో వీధి పొడవు కొలిచి వెంట్రుకవాసి దాకా చెప్పేవాడిని ఎంత నమ్మాలో దీన్నీ అంతే నమ్మాలి. అయినా కాగితాన్ని పక్కకు నెట్టలేదు. పరీక్షించకుండా తోసిపుచ్చడం, పరీక్షించకుండా నమ్మడం, ఈ రెంటికీ పెద్ద తేడా లేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని వీధి మలుపులో ఉన్న నెట్ సెంటరుకు వెళ్ళాను.

మారుతి మునుపటి వివరాలే నింపాడు. అదే అంకె వచ్చింది. ఇక ఒక్కోసారి ఒక్క వివరమే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచమన్నాను. ఏది మారితే ఫలితం మారుతుందో తెలుసుకోవడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు. ఇంటి వయసు ఇరవై రెండేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గిస్తే విలువ కాస్త పెరిగింది. నీళ్ళు ఉన్నాయన్న గుర్తు తీసేస్తే ఒక్క రూపాయి కూడా కదల్లేదు. అడగడమైతే అడిగింది గాని ఆ జవాబును లెక్కలోకి తీసుకోలేదన్నమాట. తరువాత పిన్ కోడు మార్చాం. పెనుకొండ వేశాం, అదే విలువ. పామిడి వేశాం, అదే. వజ్రకరూరు వేశాం. అదే.

"వజ్రాలు దొరుకుతాయని తెలిసి అంత రేటు కట్టిందేమో మేడమ్," అన్నాడు మారుతి. గొంతులో మొదటి ధీమా లేదు.

చివరగా బెంగుళూరులో అతను అద్దెకుండే యలహంక పిన్ కోడు వేయించాను. ముప్పై ఒక్క లక్షల నలభై రెండు వేల ఆరువందల పదిహేడు.

"అంటే ఇది మా ఊరు సూడనే లేదా?"

"దీని లోపలి లెక్క నాకు కనపడదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. నాకు తోచింది చెబుతాను. మీ ఊళ్ళో అమ్మకాల వివరాలు దీని దగ్గర లేవు. లేవని చెప్పడం దీనికి ఎవరూ నేర్పలేదు. తనకు తెలిసిన రేటు బెంగుళూరు శివారుది, అదే అందరికీ వేస్తోంది."

ఓబులేసు గట్టిగా నవ్వాడు. "రేయ్, యలహంకలో ఇల్లు ఉండాదని నాకు చెప్పకపోతివే!"

ఆ నవ్వు విని నేను కొంత నిశ్చింతగా ఉండిపోయాను. అబద్ధపు అంకె ఒక్కటే అనుకున్నాను, అది తొలగిపోయింది కాబట్టి మిగిలింది మామూలు పనే అనిపించింది.

ముందే చెప్పిన ప్రకారం గురువారం ఉదయం తొమ్మిదింటికి సోమందేపల్లె చేరాను. స్థలం ముప్పై అడుగుల వెడల్పు, యాభై ఎనిమిది అడుగుల పొడవు, అంటే నాలుగు సెంట్లు. రాతి గోడలు, పైన ఆర్.సి.సి. కప్పు, కట్టి ఇరవై రెండేళ్ళు. ఇలాంటి ఇంటికి మేము భూమినీ కట్టడాన్నీ వేరువేరుగా విలువ కడతాం. భూమికి కంపారబుల్స్ చూస్తాం. అంటే దగ్గరలో, ఈ మధ్యనే, ఇలాంటి ఆస్తులు ఏ ధరకు చేతులు మారాయో తెలుసుకుంటాం. దస్తావేజులో రాసిన ధర ఒకటి, ఇచ్చిన ధర ఒకటి ఉంటుంది గనుక కొన్నవాళ్ళనూ అమ్మినవాళ్ళనూ విడివిడిగా అడగాలి. అలా అడగగా మూడు అమ్మకాలు దొరికాయి. సెంటుకు లక్షా డెబ్బై అయిదు వేలు తేలింది, మొత్తం ఏడు లక్షలు. కట్టడానికి డిప్రిసియేషన్, అంటే వయసు వల్ల తరిగిన విలువ, తీసేస్తే మూడున్నర లక్షలు మిగిలింది.

ఇక మిగిలింది పెరట్లోని బోరు. ఈ ప్రాంతంలో బోరు ఉందా అన్నది సగం ప్రశ్న. పైపులో నీళ్ళు ఎన్ని ఇంచుల మందాన వస్తాయన్నది అసలు ప్రశ్న. నేను చూసిన మూడు అమ్మకాల్లో రెండిళ్ళకు బోరు లేదు, మూడోదానికి మంచి బోరు ఉంది. మిగతావన్నీ దాదాపు సమానమే అయినా ఆ ఇల్లు లక్షన్నర ఎక్కువ పలికింది. మనుషులు ఇంచుల్లో చెబితే నేను ఇరవై లీటర్ల బకెట్టు, గడియారం పెట్టి కొలుస్తాను.

ఓబులేసు మోటారు వేశాడు. ఒక నిమిషం నీళ్ళు వచ్చాయి. తరువాత పైపు బుసకొట్టి, ఎర్రమట్టి నీరు కక్కి, గాలి వదిలింది. బకెట్టు సగం కూడా నిండలేదు.

"నేనుండేతప్పుడు బాగా వస్తాండె కదన్నా," అన్నాడు మారుతి.

"నువ్వు పోయి ఆరేండ్లాయ. వానలు యాడ పన్న్యాయిరా? బెంగుళూరులో పన్న్యాయేమో."

మాటలో అసంబద్ధమేమీ లేదు. ఎండిన బోర్లు నేను ఎన్ని చూడలేదు! వీధి కాలువ తడిగా ఉండటం, ఇళ్ళ ముందు డ్రమ్ములన్నీ అంచుదాకా నిండి ఉండటం వచ్చేటప్పుడే చూశాను. పంచాయతీ కొళాయి వచ్చిన రోజు కాబోలు అనుకున్నానే తప్ప ఎవరినీ అడగలేదు. పుస్తకంలో 'బోరు: నీరు నామమాత్రం, విలువ లేదు' అని రాసి కింద మొత్తం వేశాను. పదిన్నర లక్షలు. సగం అయిదు లక్షల పాతిక వేలు.

అప్పుడు ఓబులేసు భార్య నాగరత్న మజ్జిగ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"మేడమ్, ఈ దినం కొలిసింది రాసుకోవద్దండి. ఇంకో దినం రాండి."

"నువ్వు లోపలికి పో," అన్నాడు ఓబులేసు.

"యాడికి పోయేది? నిన్న పొద్దు గూకినప్పట్నించి మీరు వచ్చేదాంక మోటారు ఆపలేదు మేడమ్ ఈయప్ప. నీళ్ళు పట్టుకోండని వీధంతా తిరిగి చెప్పొచ్చినాడు. కొళాయి వచ్చి ఎనిమిది దినాలాయ, మా వీధిలో ఎనుములు గూడా ఈ పొద్దు రెండు తూర్లు నీళ్ళు పోసుకున్న్యాయి."

మారుతి అన్న వైపు తిరిగాడు. "నా నోట్లో మన్ను కొట్టేదానికి నాయన ఏయించిన బోరు ఎండగొట్టినావా?"

"నువ్వు నన్ను యలహంక రేటుకు అమ్మేయాలని సూస్తివి కదరా! నేనేం చెయ్యాల? అంగడి పోతే యాడ కూసుని వెల్డింగ్ చేసేది, రోడ్డు మీదనా?"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. నాగరత్న మరిది వైపు చూడకుండా నాతోనే అంది. "డెబ్బై వేలో ఎనబై వేలో మిగుల్తాదని ఈయప్ప లెక్క. రేపు ఎప్పుడో ఒగప్పుడు తెలుస్తాది. తెలిసినంక మారుతి మా ఇంట్లో ఒక ముద్ద తింటాడా? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్లోనికి ఎనిమిదేండ్లు."



నేను పుస్తకంలో రాసిన వాక్యం కొట్టేశాను. ఎల్లుండి మళ్ళీ కొలుస్తానని చెప్పాను.

"అట్లయితే రెండు దినాలు మోటారే ఎయ్యకుండా పెడదాం మేడమ్," అన్నాడు మారుతి.

అది రెండో రకం మోసం. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకు చూపించే ముందు బోరును రెండు మూడు రోజులు ఊరికే ఉంచుతారు. అడుగున ఊరిన నీరంతా మొదటి గంటలో ఉధృతంగా వచ్చి, చూసేవాళ్ళ కళ్ళు చెదురుతాయి. వద్దన్నాను. రోజూ ఎప్పుడు మోటారు వేస్తారు, ఎంతసేపు వేస్తారు అని నాగరత్ననే అడిగాను. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, తమకూ ఎదురింటికీ కలిపి ఆరు డ్రమ్ములు అని తడుముకోకుండా చెప్పింది. అన్నదమ్ములిద్దరూ అవునని తలూపారు. ఆ రెండు రోజులూ సరిగ్గా అంతే వాడమన్నాను. మోటారు స్విచ్చు బాధ్యత ఆమెకు అప్పగించాను.

శనివారం బకెట్టు ఇరవై అయిదు సెకన్లలో నిండింది. గంటన్నర ఆపకుండా నడిపించాక ముప్పై రెండు సెకన్లు పట్టింది. ఆ తరువాత ఇంకో గంట ముప్పై రెండు దగ్గరే నిలిచింది. ఏప్రిల్ చివర్లో ఆ నిలకడ ఉన్న బోరు మంచి బోరే. దానికి లక్షన్నర కలిపి పన్నెండు లక్షలు అని రాశాను. పక్కనే 'యాభై వేలు అటూ ఇటూ' అని కూడా రాశాను. సంతకం పెట్టి చెరొక ప్రతి ఇచ్చాను.

ఓబులేసు కాగితం వైపే చూస్తూ, "ఆరు లచ్చలు," అన్నాడు. తరువాత తమ్ముడితో అన్నాడు, "బ్యాంకులో నాలుగిస్తామన్న్యారు. తక్కింది దీపావళి లోపల ఇస్తా. తప్పు చేసినాలేరా."

మారుతి తన ప్రతిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయిదూ పాతిక ఇయ్యన్నా. బోరు దుడ్లు నాకొద్దు. వచ్చినప్పుడు నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుంటే సాలు."

"పోసుకో నాయనా," అంది నాగరత్న. "మోటారు మాత్రం మీ అన్న చేతికి ఇయ్యను."

జూన్‌లో రిలీజ్ డీడ్ రాసుకున్నారు. తన హక్కు వదులుకుంటున్నట్టు మారుతి రాసి ఇచ్చిన దస్తావేజు అది. షాపు అక్కడే ఉంది. అన్నదమ్ములు ఎంతకు సర్దుకున్నారన్నది నా రిపోర్టులో లేదు, ఉండకూడదు కూడా. ఆ ఇంటి విలువ పన్నెండు లక్షలే.

తరువాతి ఏళ్ళలో వెబ్‌సైట్ల ప్రింట్లు తెచ్చేవాళ్ళు పెరిగారు. ఆ లెక్కలు కూడా క్రమంగా మెరుగుపడ్డాయని ఒప్పుకోవాలి. అమ్మకాలు ఎక్కువగా జరిగే నగరాల్లో అవి చెప్పే మొత్తం కొన్నిసార్లు నా లెక్కకు దగ్గరగానే ఉంటోంది. ఎవరైనా తెస్తే ఇప్పటికీ ఆ పిన్ కోడు పరీక్ష చేయిస్తాను, పది నిమిషాల పని. బోరు ఉన్న ఇంటికి మాత్రం ముందుగా కబురు చేయకుండా వెళుతున్నాను. ఆ ఇంట్లో నీళ్ళు పట్టేది ఎవరో కనుక్కుని వాళ్ళతో మాట్లాడకుండా బోరు విలువ రాయడం లేదు.

ఆ కంప్యూటరుకు మా ఊళ్ళ సంగతి తెలియదని పది మందిలో రుజువు చేసిన దాన్ని నేను. తడి కాలువనూ నిండు డ్రమ్ములనూ కళ్ళారా చూసి, ఒక్క మాట అడగకుండా ముందుకు పోయిన దాన్ని కూడా నేనే. ఆ గురువారం నా బకెట్టు, నా గడియారం సరిగ్గానే కొలిచాయి. తప్పు కొలతలో లేదు, కొలిచిన రోజులో ఉంది. భర్తకు నష్టమని తెలిసీ నాగరత్న నోరు విప్పకపోయి ఉంటే, ఆ పదిన్నర లక్షల కింద నా సంతకం ఉండేది.