కొమురవ్వ చెయ్యి

గజ్వేల్ కూరగాయల మార్కెట్‌లో ఉల్లిగడ్డలు ఏరే కొమురవ్వకు అరవై ఏళ్లుంటాయి. కుళ్లినదాన్ని కంటితో కాదు, బొటనవేలితో నొక్కి పట్టేస్తుంది. ఎంత కడిగినా ఆ చేతుల వాసన పోదు. మధ్యాహ్నం గోనెసంచి మీద కూర్చుని డబ్బా విప్పితే రోజూ జొన్నరొట్టె, నూనెలో మగ్గించిన ఉల్లిగడ్డ కూర. అందులో సగం ఎర్రోడికి పెట్టాకే తాను తినేది. ఎర్రోడు మార్కెట్ కుక్క. దానికెవరైనా పాచి అన్నం వేయబోతే ఆమెకు కోపం. "అదేమన్న చెత్తకుండీనా? నేను తినేదే అది తింటది" అనేది.

మొన్న వానాకాలంలో ఎర్రోడు లేవలేకపోతే ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు దాని పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. రోజూ ఏం పెడుతున్నావని అడిగితే, "ఎంగిలి ఎన్నడూ పెట్టలే సారూ, నా కూరల సగం పెడత" అని గర్వంగానే చెప్పింది. ఏం కూరో కూడా చెప్పింది. ఆయన దాని పెదవి మెల్లగా దించాడు. "ఉల్లిగడ్డ కుక్కలకు విషమమ్మా. రక్తం విరిగిపోతది."

మూడో రోజు ఎర్రోడు చచ్చిపోయింది.

ఇప్పుడు మార్కెట్‌లో ఎర్రోడి జాగాలో ఒక కుక్కపిల్ల వచ్చి కూర్చుంటోంది. నిన్న కొమురవ్వ నల్లా కింద చేతులు మూడుసార్లు కడుక్కుని వాసన చూసుకుంది. తర్వాత, ఇంటినుంచి వేరుగా గుడ్డలో కట్టి తెచ్చిన ఉత్త రొట్టెను, పక్కన ఆకుకూరలమ్మే బాలమణి వైపు జరిపింది.

"నువ్వు పెట్టు చెల్లె. నా చెయ్యి వద్దు దానికి."