మడ్డి నీళ్లు పోసే మనిషి

మూతబడిన డ్రైక్లీనింగ్ దుకాణం పెరట్లో, నేలలోకి దించిన గొట్టాల పక్కన అతను రోజూ గొంతుక్కూర్చుంటాడు. బట్టల మరకలు తీసిన రసాయనం ఏళ్లతరబడి ఇంకి, వీధి బావులన్నీ విషమయ్యాయి. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులకు అతను బెల్లపు మడ్డి కలిపిన నీళ్లు పోస్తాడు, పసిబిడ్డకు పాలు పట్టినంత నెమ్మదిగా. వీధిలో ఎవరూ అతన్ని పలకరించరు. ఒకరోజు ఒక గొట్టం మూత తీయగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది.

"నేనే పోశాను," అంది పక్కింటావిడ గోడ మీంచి. "మేం తాగాల్సిన నీళ్లలో పురుగులు పెంచుతావేంటయ్యా?"

"ఆ నీళ్లు బాగుచేసేవి అవేనమ్మా. చంపేశారుగా. ఇంకో ఏడాది ట్యాంకర్ దగ్గర బిందెలు మోసుకోండి."

"నీ నోరు పడిపోను."

అతను చనిపోయినవాళ్ల కళ్లు మూసినంత మెల్లగా ఆ మూత బిగించాడు. పక్క గొట్టం దగ్గరికి జరిగి, మడ్డి నీళ్లు పోయకముందే వంగి వాసన చూశాడు.