రేగుపళ్ల బిస్కెట్లు

కరీమున్ బూబమ్మకు భయం ఎక్కువ. ఊరంతా ఆ మాట అనేది, అందరికంటే ముందు ఆమే అనేది. ఉరిమితే పిల్లల్ని లోపలికి లాక్కునేది. భట్టీలో నిప్పు ఆర్పి తలుపేసుకున్నాక మళ్లీ రెండుసార్లు వెళ్లి చూసొచ్చేది. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆమెను పిరికిదంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

పర్చూరు దగ్గర మా ఊరు. ఆమె భర్త హుస్సేన్ సాహెబ్ చీరాలలో ఒక బేకరీలో భట్టీ పని చేసేవాడు. పోయేముందు పెరట్లో ఇటుకలతో, బంకమట్టితో ఒక చిన్న భట్టీ కట్టి ఆమెకు పని నేర్పాడు. ఊళ్లోవాళ్లు మైదా, పంచదార, డాల్డా, కోడిగుడ్లు పట్టుకెళ్తే ఆమె బిస్కెట్లు కాల్చి డబ్బాలో పోసి ఇచ్చేది. ఆదివారం పొద్దున మాత్రం భట్టీ పిల్లలది. ఆమె మనవడు కలీం, మనవరాలు మెహర్, పక్కింటి అనీస్, నేను. నా పేరు శ్రీజ, శివాలయం పూజారి గురునాథంగారి అమ్మాయిని. తొంభై ఏడులో నాకు ఎనిమిదేళ్లు.

తలా ఒక పిండిముద్ద ఇచ్చేది. చందమామలు, చిలకలు, ఆటోలు, మనసుకు ఏది తోస్తే అది చేసేవాళ్లం. కాలిన బిస్కెట్టు మీద బెల్లం పాకం చుక్క వేసి పళ్లు అతికించేవాళ్లం. కళ్లకు ఎండుద్రాక్ష, ముక్కుకు వేటపాలెం జీడిపప్పు బద్ద, నోటికి బొప్పాయి ముక్క. అనీస్ చేసిన మొహాలు మా హెడ్మాస్టారిలా ఉండేవి. మా చేతులు మూడుసార్లు కడిగించేది. ఎవరు ఏ పళ్లు తెచ్చినా తనే రెండు నీళ్లు మార్చి కడిగేది. ఏ తొట్టిలో ఏ పురుగుమందు కలిపారో ఎవరికి తెలుసు అనేది.

మా ఇంట్లో నాకు ఇచ్చిన అనుమతి చెయ్యడానికే, తినడానికి కాదు. వాటిలో గుడ్లు ఉంటాయి కదా. నేను ఏడ్చి గోల చేస్తే మా అమ్మ కామేశ్వరి ఆ షరతు మీద ఒప్పుకుంది. నేను చేసినవన్నీ కలీం తినేవాడు. అందుకు వాణ్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. మిరపచేలో మందు కొట్టిన రోజు గట్టు మీద చెట్టుకో కర్రకో ఎర్రగుడ్డ కట్టేవాళ్లు. గేదెలు తోలేవాళ్లకూ, గడ్డి కోసుకునేవాళ్లకూ అదే బోర్డు. గుడ్డ ఉన్నన్నాళ్లు ఆ చేలో ఎవరూ అడుగు పెట్టరు. ఆ ఏడు పురుగు విపరీతంగా పట్టడంతో ఊరి చుట్టూ ఎర్రగుడ్డలే కనపడేవి.

డిసెంబర్లో ఒక ఆదివారం అనీస్ రేగుపళ్లు మూట కట్టుకుని వచ్చాడు. బూబమ్మ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి, మొదటి రేకు బిస్కెట్లు భట్టీలో ఉన్నాయి.

"కడిగావా?" అని అడిగింది.

"కడిగాను బూబమ్మా."

ఆ ఒక్కసారి ఆమె తన చేత్తో కడగలేదు.

గింజలు తీసే పని నాది. మొదటి రేకు దించగానే వేడి పాకంలో రేగుముక్కలు అద్దాం. ఆ పులుపు వాసన నన్ను నిలవనివ్వలేదు. ఒక చందమామ, ఒక చిలక పట్టుకుని కట్టెల మోపు వెనక్కి వెళ్లి తినేశాను. మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

రెండో రేకు దించడానికి బూబమ్మ చేతికి అందిన గుడ్డ తీసుకుంది. అనీస్ మూట విప్పి పడేసిన గుడ్డ అది. కాలుతున్న రేకు తగలగానే దాంట్లోంచి మందు వాసన గుప్పుమంది. రేకు నేల మీద పడింది. ఆమె గుడ్డను వెలుగులోకి పట్టి చూసింది. ఎర్రగుడ్డ, ఒక కొసన ఇంకా ముడి ఉంది.

"ఇది ఎక్కడ విప్పావురా?" అని అడిగింది.

"యేసుపాదం మావయ్య చేను గట్టున. మూట కట్టడానికి ఏమీ లేకపోతే..."

"పళ్లెక్కడ కడిగావు?"

"అక్కడే కాలవలో. డ్రమ్ము పెట్టారే, అక్కడ."

మందు కలిపిన డ్రమ్ము, కొట్టిన పంపు కడిగే చోటు అది. ఎర్రగుడ్డ సంగతి వాడికి తెలియక కాదు. రేగుచెట్టు గట్టు మీదిది, చేలోది కాదు కదా అనుకున్నాడట.

బూబమ్మ వణుకుతూనే అన్నీ చేసింది. బిస్కెట్లన్నీ బూడిదలో పారేసింది. ఎదురింటి బసవమ్మను కేకేసి గుడ్డ చేతికిచ్చింది. "ముందు పోయి ఇది చెట్టుకు కట్టు, గేదెలు దిగుతాయి. యేసుపాదాన్ని మందు డబ్బా పట్టుకుని ట్రాక్టర్ తెమ్మను. ఏం మందో డాక్టరుకు చూపించాలి." ఆ తర్వాత ఒక్కొక్కరి నోరు తెరిపించి వాసన చూసింది. అనీస్ దారిలోనే గుప్పెడు పళ్లు తిన్నాడు. కలీం మూడు బిస్కెట్లు, మెహర్ ఒకటి.

నా దగ్గరకొచ్చి ఆగిపోయింది. పూజారిగారి పిల్ల నోరు తెరిపించడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"నువ్వేమన్నా తిన్నావా అమ్మా?"

"తినలేదు."

చచ్చిపోతానేమో అన్న భయం కంటే నాన్నకు తెలుస్తుందేమో అన్న భయమే నాకు పెద్దదిగా ఉంది. ఆమె నా మొహంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిపించింది. దారి పొడుగునా ఆమె చెయ్యి తడితడిగా ఉంది.

మా గేటు దాటి ఆమె ఏనాడూ లోపలికి రాలేదు. ఆ రోజు నేరుగా వసారా మెట్టు దాకా వచ్చింది. జరిగిందంతా చెప్పి, "పంతులుగారండీ, మీ పాప కూడా తిన్నదండీ. ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంది.

"నేను తినలేదు నాన్నా" అన్నాను.

అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంది. "తినలేదంటోంది కదమ్మా. అది తినదు, దానికి చెప్పే పంపిస్తాను."

వీధిలో ట్రాక్టర్ చప్పుడు దగ్గర పడింది. బూబమ్మ మెట్టు మీద కూలబడి రెండు చేతులూ జోడించింది.

"తిన్నదండీ. తనంతట తను తినలేదు, నేనే తినిపించాను. గుడ్డు కలిపిన బిస్కెట్టు, నా చేత్తో నోట్లో పెట్టాను. మీరు తిడతారని భయపడి చెప్పట్లేదు. తప్పు నాది. పిల్లను బండెక్కించండి."

నాన్న మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన నన్ను ఎత్తుకుని ట్రాక్టర్ ట్రక్కులో కూర్చోబెట్టాడు.

చీరాల వెళ్లేదాకా నాకు భయం వదల్లేదు. అనీస్ నోటి వెంట చొంగ కారుతోంది, కళ్లు తేలేస్తున్నాడు. నా నోట్లోనూ ఉమ్మి ఊరుతుంటే ఎవరూ చూడకుండా మింగుతూ కూర్చున్నాను. అది మందో, ఉత్త భయమో తెలియలేదు. ఇప్పటికైనా చెప్పేద్దామా అని చాలాసార్లు నోరు తెరిచాను. ఎదురుగా నాన్న ఉన్నాడు. మూసేశాను.

ఆసుపత్రిలో నలుగురికీ గొట్టాలు వేసి కడుపులు కడిగారు. నా కడుపులోంచి ఏం వచ్చిందో చూసే తీరిక ఎవరికీ లేదు. అందరూ అనీస్ మంచం చుట్టూనే ఉన్నారు. మూడో రోజుకు వాడు కళ్లు తెరిచి మాట్లాడాడు. నలుగురం బతికాం.

ఇంటికొచ్చాక నాకు తలస్నానం చేయించి పంచగవ్యం తాగించారు. కరీమున్ పూజారి పిల్లకు గుడ్డు తినిపించిందన్న మాట ఊరంతా పాకింది. నలుగురు పిల్లల్ని ఆసుపత్రికి చేర్చిందన్న మాట మాత్రం మా వీధి కూడా దాటలేదు. మా వాళ్లలో చాలామంది ఆమె గుమ్మం తొక్కడం మానేశారు. నేను నోరు విప్పి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. "పాపం పిల్ల, బలవంతంగా తినిపించిందట" అని ఆడవాళ్లు నా తల నిమురుతుంటే నిమిరించుకున్నాను.

ఆదివారాల భట్టీ ఆగిపోయింది. బూబమ్మ తన గేటుకు ఒక ఎర్రగుడ్డ కట్టుకుంది. కలీం, మెహర్ తప్ప ఏ పిల్లా లోపలికి రాకూడదని. పిండి తెచ్చే పెద్దవాళ్లు నవ్వుతూ ఆ గుడ్డ పక్కనుంచే వెళ్లేవాళ్లు.

నేను డిగ్రీ చదువుకు గుంటూరు వెళ్లాను. రెండువేల ఎనిమిదిలో సెలవులకు ఊరొచ్చినప్పుడు బూబమ్మకు బాగాలేదని బసవమ్మ చెప్పింది. వెళ్లాను. గేటుకు గుడ్డ ఉంది, రంగు మాత్రం వెలిసిపోయింది. మంచంలో సగమైపోయింది మనిషి. మెహర్ నీళ్లు తేవడానికి లోపలికెళ్లింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ల కిందటిలాగే తడితడిగా ఉంది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్తావా? ఆ రోజు నువ్వు తిన్నావా, లేదా?"

నాకు అర్థం కాలేదు. "నువ్వు చూశావు కదా బూబమ్మా."

"నేనెక్కడ చూశాను? తిని ఉంటే ఎట్లా అన్న భయం. అందుకే మీ నాన్నతో అట్లా అన్నాను. తినకుండానే తిన్నదన్నానేమో, ఊరికే పిల్లకు గొట్టాలు వేయించానేమో, వాళ్ల ఆచారం చెడిందని మీ అమ్మానాన్నలను ఏడిపించానేమో అని ఇన్నేళ్లూ నాకు అదే గుబులు."

అంటే నేను తిన్నట్టు ఆమెకు తెలియదు. తెలియకుండానే ఆ నింద నెత్తిన వేసుకుంది. నాకు మాత్రం అన్నీ తెలుసు, ఒక్కరోజు కూడా దాన్ని దించలేదు. సిగ్గుతో నా తల లేవలేదు.

"తిన్నాను బూబమ్మా. కట్టెల మోపు వెనక."

ఆమె కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"ఎన్ని?"

"రెండు. ఒక చందమామ, ఒక చిలక."

"బాగున్నాయా?" అని అడిగింది.

బాగున్నాయని చెప్పాను.